చైనా చుట్ట, బీడీ చేతులు

"ఆకు నానె అక్కా, పొద్దు వంగె అక్కా,
చాట నిండ చుట్టవే..."

తర్వాతి ముక్క ఏందో యాదికొస్తలేదు. చిన్నప్పుడు కామారెడ్డి దిక్కు మా వాడకట్టు ఆడపిల్లలమంత చాటలు ఒళ్లె వెట్టుకోని బీడీలు చుట్టుకుంట పాడేటోళ్లం. పాట మరిచిపోయిన గాని, చేతులు మరిచిపోలే. ఆ చేతులే మొన్న నా ఇజ్జత్ తీసినయి, సూడున్రి!

నాకు నడుముల నుంచి మడమ దాక ఒక నరం గుంజుతది. ఏండ్ల సంది గిదే కథ. దవాఖానా గోళీలు మింగితే నేను పండుకుంట, నొప్పి మాత్రం మేలుకోనే ఉంటది. ఎప్పటి లెక్కనే ఓర్చుకుందును. గాని ఆ వచ్చే ఆదివారం మా ఉప్పల్ చర్చిల వాక్యం చదివే వంతు నాదాయె! ముసలితనంల అక్షరాలు నేర్చినదాన్ని, మొదటిసారి అందరి ముందల నిలవడి చదవాలె. నేను కూడబలుక్కుంట ఒక అధ్యాయం ముగించేసరికి మస్తు సేపైతది. అందాక కాలు ఆగాలె గదా!

"నాచారంల చైనా వైద్యం చేస్తరట అత్తమ్మా, పోదాం పా" అన్నది మా కోడలు సునీత. సెవెన్ సీటర్ ఆటోల ఇరుక్కోని పోయినం. చైనాయన ఉంటడనుకుంటి. సూస్తే మన జనగామాయనే! వెంట్రుకల వంటి సూదులు గుచ్చిండు, చీమ కుట్టినంత గూడ లేదు. పిక్క మీద నీలం పెన్నుతోని గుర్తులు పెట్టి, చుట్ట వంటిది ఒకటి చేతికిచ్చిండు.

"ఇది ఆకుమందమ్మా. కొస అంటువెట్టి, ఈ గుర్తులకు జర దూరంల పట్టాలె. సెగ తగిలితే చాలు."

ఇంటికొచ్చి దాన్ని తిప్పి తిప్పి సూసిన. ఎవరు చుట్టిన్రో గాని, ఏం చుట్టుడండీ అది! వదులు వదులుగ, మెత్తగ. మా బీడీల సేటైతే రిజెక్ట్ అని మొకం మీద కొట్టేటోడు. పాపం, చైనాల చుట్టుడు నేర్పెటోళ్లు లేరేమో అనుకోని, కాగితం విప్పిన. లోపల దూది లెక్క ఆకుపొడి. బిర్రుగ చుట్టి, కొస మలిచి, దారం గట్టిన. ఎంత ముద్దుగొచ్చిందో!

గాని అంటుకోదే! పుల్ల గీస్తే జర మండుతది, మళ్ల ఆరిపోతది. బిర్రుగ చుట్టిన బీడీ ఆరిపోతే ఏం జేస్తరు? దమ్ము గుంజుతరు. నేను జన్మల బీడీ తాగలే, చుట్టుడే నా పని. అయినా చెయ్యి నోటికాడికి పోయింది. ఒక్కటే దమ్ము! ఇల్లంత పొగ. గంజాయి కాలవెట్టినట్టు వాసన!

సరిగ్గ అప్పుడే, ఆదివారం వాక్యం ఒకసారి నాతోని చదివిద్దామని పాస్టరమ్మ వచ్చింది. గడపల్నే ఆగిపోయింది. నా ఒళ్లె బైబిలు, చేతిల చుట్ట, ముక్కులకెళ్లి పొగ.

"అమ్మమ్మా... ఇదేంది?"

"దవా!" అన్న, దగ్గుకుంట.

"దవాను దమ్ము గుంజుతరా?"

"చైనాది బిడ్డా!"

ఆమె ఇంకింత బెదిరింది. అయిపాయె, నా వంతు ఇంకొకరికిస్తది అనుకున్న! సునీత వంటింట్లకెళ్లి ఉరికొచ్చి, నా పిక్క మీది నీలం గుర్తులు సూపెట్టి, సంగతంత చెప్పింది. పాస్టరమ్మ కొంగు మూతికడ్డం పెట్టుకున్నది. భుజాలు మాత్రం ఊగుతనే ఉన్నయి.

"మీ వంతు మీదే అమ్మమ్మా. గాని ఆదివారం తలస్నానం చేసి రాన్రి!"

సునీత ఆ చుట్టను మళ్ల వదులుగ చుట్టి, రోజు తనే సెగ పట్టింది. ఆదివారం నిలవడ్డ. కూడబలుక్కుంట చదివిన. ఆఖరికి కాలు జర గుంజింది, అబద్ధమెందుకు. గాని ఆమేన్ అనేదాక కూసోలే!

తెల్లారి నాచారం పోయి డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పిన. నవ్వి నవ్వి కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. ఇంకో చుట్ట నా చేతిల వెట్టి అన్నడు గదా:

"అమ్మా, గుర్తులు నీ పిక్క మీద పెట్టిన. మూతి మీద ఎన్నడన్న పెట్టిన్నా?"