మా కోడలు పెట్టిన సొట్ట

మా చిన్న కోడలి చేతిలో బాగుపడిన బండ్ల లెక్క నా దగ్గరుంది. స్కూలు బస్సుల పైకప్పులు మూడు, అంబులెన్సు తలుపులు రెండు, ఫైరింజన్ ముందుభాగం ఒకటి, చెట్టుకు గుద్దుకుని ముడుచుకుపోయిన జడ్జిగారి కారు ఒకటి. మామూలు కార్లు నాలుగు వందలు దాటాక లెక్క వదిలేశాను. నేను ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. ముప్ఫై రెండేళ్ళు లారీ తోలాను. మనిషికి గానీ మేకకు గానీ నా చక్రం తగల్లేదు. ఆ సంగతి ఎవరూ రాయరు కాబట్టి నేనే చెప్పుకున్నాను. ఇక మిగతాదంతా ఆ అమ్మాయి గొప్పే.

ఆమె తండ్రిది రేకుపని. ట్రంకు పెట్టెలు, బకెట్లు, గరాటాలు చేసేవాడు. ఆమె మా ఇంటికి వచ్చేనాటికి మా వాడు ఇంటి పక్క షెడ్డులో కార్లకు రంగులు వేసేవాడు. సొట్ట పడినచోట పుట్టీ దట్టించి, గరుకు కాగితంతో రుద్ది, పైన రంగు కొట్టేవాడు. వచ్చిన రెండో నెలలో టీ ఇవ్వడానికి షెడ్డులోకి వెళ్ళి అక్కడే నిలబడిపోయింది.

"ఏవండీ, ఆ రేకు ఇంకా బతికే ఉంది కదా. అప్పుడే పూడ్చిపెడుతున్నారేం?"

"అయితే నువ్వు లేపు, చూద్దాం" అన్నాడు మా వాడు.

లేపింది. రేకు వెనక ఒక ఇనుప దిమ్మె ఆనించి, ముందునుంచి చిన్న సుత్తితో మెల్లగా కొడుతూ, మధ్యమధ్యలో అరచేత్తో నిమిరి చూసుకుంటూ గంటన్నరలో సొట్ట తీసేసింది. చెంచాడు పుట్టీ కూడా పట్టలేదు. నిజం చెప్పాలి, మొదట్లో నేను ఒప్పుకోలేదు.

"ఇంటి కోడలు బండి కింద పడుకోవడం ఏమిటమ్మాయ్?" అన్నాను.

"కింద పడుకోను మామయ్యా, పక్కన కూర్చుంటాను" అంది. 

పదహారేళ్ళయింది. ఈనాటికీ ఆమెది అదే పద్ధతి. పల్చటి గుడ్డ ముక్క రేకు మీద వేసి, దాని మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని జరుపుతుంది. కంటికి కనబడని ఎత్తుపల్లాలు అరచేతికి తెలుస్తాయట. షెడ్డులోంచి బండి బయటికి పోయేటప్పుడు గోరంత సొట్ట ఉన్నా ఊరుకోదు. ఒకసారి తాళం ఇచ్చేశాక కూడా వీధి చివరి దాకా పరుగెత్తి కారు ఆపించింది.

అలాంటి మనిషి తన చేత్తో సొట్ట పెట్టిన బండి ఒకటుంది. ఆ కథ రాయాలనే కూర్చున్నాను.

ఆ కారు లారీ మీద వచ్చింది. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, మడిచేసే గుడ్డ కప్పు, నేలకు ఆనినట్టుండే ఒళ్ళు. పందేలకు పోయే రకం. నేను దాని పక్కన నిలబడితే కప్పు నా బొడ్డు దగ్గరికి వచ్చింది. సొంతదారు పశువుల డాక్టరమ్మ. ఆవిడకి డెబ్భై ఒకటో ఏడు. వయసులో ఉండగా మొదటి జీతాలతో కొనుక్కుని, పక్క సీట్లో మందుల సంచి పెట్టుకుని, గేదెలకు సూదులు వెయ్యడానికి ఆ కారులోనే తిరిగేదట. మోకాళ్ళు మొరాయించాక బండి పదకొండేళ్ళుగా కొట్టంలో పడి ఉంది. మడ్‌గార్డుల అంచులు అప్పడాల్లా విరుగుతున్నాయి.

"తుప్పు ఎవరైనా తీస్తారమ్మాయ్. నాకు కావలసింది వేరు" అంది డాక్టరమ్మ. "ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నేనే ఎక్కాలి, నేనే తోలాలి, నేనే దిగాలి. దానికి తగ్గట్టు తలుపు మార్చాలి. కుదురుతుందా?"

వెంట వచ్చిన తమ్ముడు అడ్డుపడ్డాడు. "అక్కా, ఇలాంటి బండిని కోయిస్తే నలుగురూ నవ్వుతారు. పాత వస్తువుని ఉన్నది ఉన్నట్టు ఉంచాలి."

"నన్ను ఉన్నట్టు ఉంచుతున్నావా? మోకాళ్ళు మార్పించుకోమని రోజూ పోరేది నువ్వే కదరా."

మా కోడలు నవ్వు ఆపుకుని, డాక్టరమ్మ కాలు ఎంత ఎత్తు లేస్తుందో, ఎంత వెడల్పు తిరుగుతుందో టేపుతో కొలుచుకుంది.

పని ఐదు నెలలు సాగింది. రేకు పైకప్పు లేని బండికి బలమంతా తలుపు కింది గడపలోనే ఉంటుంది. అది కోస్తే బండి నడుము జారిపోతుంది. అందుకని ముందు తలుపు సందులో అడ్డంగా పైపులు అతికి, ఒళ్ళు కదలకుండా బిగించి, అప్పుడు గడపను రెండు వేళ్ళు దించింది. లోపల మందపాటి ఇనుప గొట్టం పెట్టి పోయిన బలం తెచ్చింది. తలుపును వెనక్కి నాలుగు వేళ్ళు పొడిగించింది. పొడిగించిన తలుపుకు వెనక మడ్‌గార్డు వంపు కలవాలి కదా. ఆ వంపు కోసం ఒక్కో రేకు మూడుసార్లు కొట్టి, రెండుసార్లు పారేసింది. అన్నీ అయ్యాక బూడిదరంగు పూతలో నిలబెడితే, ఎక్కడ కోసిందో నాకు తెలిసి కూడా కనిపెట్టలేకపోయాను.

అసలు రంగు వెయ్యకముందే డాక్టరమ్మను పిలిచాం. వచ్చింది, వెనక్కి తిరిగి సీటు మీద కూర్చుంది, ఒక కాలు లోపల పెట్టింది, రెండో కాలూ పెట్టింది. ఎవరి సాయమూ లేదు. స్టీరింగు పట్టుకుని ఒకసారి మా అందరివైపూ చూసింది. మా వాడు చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను.

తర్వాత దిగబోయింది. లేవలేకపోయింది.

కాళ్ళు బయటికి వచ్చాయి గానీ ఒళ్ళు పైకి రాలేదు. ఎక్కడం కొలిచాం, దిగడం కొలవలేదు. ఇంటిల్లిపాదికీ అంత తెలివి, ఆ ఒక్కటి తట్టలేదు. నాలుగుసార్లు ప్రయత్నించి, చివరికి తమ్ముడికి ఒక చెయ్యి, మా కోడలికి ఒక చెయ్యి ఇచ్చి లేచింది.

"ఒక కడ్డీ బిగించండి, బస్సులో ఉన్నట్టు" అన్నాడు తమ్ముడు.

"వద్దులే" అంది డాక్టరమ్మ. "రంగు వేసి ఇచ్చెయ్యమ్మాయ్. వాడు తోలుకుంటాడు. నేను పక్కన కూర్చుంటాను." చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ మా ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయింది.

ఆ పూట మా కోడలు అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ ఇంటికి వెళ్ళింది. పనేమీ చెప్పలేదట. హాల్లో ఒక మూల కూర్చుని, ఆమె కుర్చీలోంచి ఎలా లేస్తోంది, మంచం మీదినుంచి ఎలా లేస్తోంది, వరండా మెట్టు మీదినుంచి ఎలా లేస్తోంది, అది చూస్తూ కూర్చుందట.

"మామయ్యా, ఆవిడ దేన్నీ పట్టుకుని లాగి లేవదు. భుజం సహకరించదు" అంది తిరిగొచ్చాక. "కుడి అరచెయ్యి కొంచెం వెనక్కి ఆనించి, కిందికి అదిమి లేస్తుంది. భోజనాల బల్ల అంచున ఒకచోట పాలిష్ అరిగిపోయి ఉంది. అది ఆవిడ చెయ్యే."

"అయితే?"

"కారులో ఆ చెయ్యి ఎక్కడికి వస్తుందో చూశాను. వెనక మడ్‌గార్డు మీదికి. అక్కడ రేకు గుండ్రంగా, నున్నగా ఉంది. చెయ్యి జారుతోంది." తన అరచెయ్యి చూసుకుని, "నేనే అంత నున్నగా చేశాను" అంది.

షెడ్డులో సీటు ఎత్తుకు సరిపడే పీట వేసి, పక్కన మడ్‌గార్డు ఎత్తున బంకమట్టి ముద్ద పెట్టి, డాక్టరమ్మను బతిమాలి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. "ఒక్కసారి లేవండి, చాలు." లేచింది. మట్టిలో అరచెయ్యి అచ్చు పడింది. బొటనవేలి మొదట్లో లోతుగా, చిటికెనవేలి వైపు తేలిగ్గా.

మా వాడికి విషయం అర్థమై సుత్తికి అడ్డం పడ్డాడు. "ఐదు నెలలు కొట్టిన రేకుకి మళ్ళీ సొట్ట పెడతావా? చూసినవాళ్ళు తీయడం మరిచిపోయారంటారు."

"అననివ్వండి."

"నా రంగు పరువేం కాను?"

"మీ రంగు కింద నా పరువూ ఉంది. పక్కకు జరగండి."

ముందు వేరే రేకు ముక్కల మీద చేసి చూసుకుంది. మొదటిది లోతెక్కువై నీళ్ళు నిలిచాయి. రెండోది అదిమితే డబ్బా మూతలా టక్కుమంది. మూడోదానికి బయటివైపు వాలు ఇచ్చి, అడుగున ఇంకో రేకు దన్నుగా అతికింది. అప్పుడు అసలు మడ్‌గార్డు కింద ఇసుక మూట ఆనించి, చెక్క సుత్తి ఎత్తింది. తొలి దెబ్బ వెయ్యడానికి చాలాసేపు పట్టింది. వేసేటప్పుడు మొహం పక్కకు తిప్పుకోవడం నేను చూశాను. ఆ తర్వాత మాత్రం ఆగలేదు. గుంట అంచుల్ని మడ్‌గార్డు వంపులోకి ఎంత ఒద్దికగా కలిపిందంటే, కారు పుట్టుకతోనే అలా ఉందేమో అనిపించింది. మా వాడు గొణుగుతూనే పాత రంగే, లేత నీలం, ఏడు పూతలు వేశాడు. ఎనిమిదోది కూడా వేశాడని తర్వాత తెలిసింది.

బండి ఇచ్చే రోజు డాక్టరమ్మ తాళం చెవి తీసుకుని, ఎక్కి కూర్చుని, దిగి చూడకుండానే ఇంజను స్టార్ట్ చేసింది.

"అక్కా, ముందు ఒకసారి దిగి చూసుకో" అన్నాడు తమ్ముడు.

"దారి మధ్యలో దిగలేకపోతే నీకు ఫోన్ చేస్తాలే" అని గేటు దాటేసింది.

గంట దాటింది. తమ్ముడు ఫోన్ చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. నేను లారీ రోజుల కబుర్లు ఎత్తుకుంటే ఎవరూ వినలేదు. మా కోడలు బాగున్న సుత్తులనే మళ్ళీ తుడుస్తూ కూర్చుంది. చివరికి కారు వచ్చి షెడ్డు ముందు ఆగింది. నలుగురం ఒక్కసారి ముందుకు నడిచాం.

"ఆగండక్కడే" అంది డాక్టరమ్మ. "అటు తిరగండి అందరూ. మీరు చూస్తుంటే నాకు కుదరదు."

మేమంతా గోడవైపు తిరిగాం. తమ్ముడు కూడా తిరిగాడు. తలుపు తెరుచుకున్న చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. పక్కన మా కోడలు కుడిచెయ్యి గోడకు ఆనించి, తానే లేస్తున్నట్టు అదిమి పట్టింది. వేళ్ళు తెల్లబడ్డాయి.

తర్వాత చెప్పుల చప్పుడు వినబడింది. అది బండి చుట్టూ మెల్లగా తిరిగి, ముందువైపు ఆగింది.

"ఈ లైటు మీద దుమ్ము ఎవరూ తుడవలేదా?" అంది డాక్టరమ్మ.