ముగ్గుపిండితో గీసిన కిరాయి గది

మా నాన్న శవాన్ని మిర్యాలగూడలో రోడ్డు మీద పెట్టుకున్నాం. మురికికాలువ పక్కన, టెంటు కింద. ఆయన రైసుమిల్లులో గుమాస్తా. గుండె ఆగి దవాఖానలో పోయాడు. ఆంబులెన్సు ఇంటికి వచ్చేసరికి ఇంటి ఓనరు గేటుకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని నిలబడి ఉన్నాడు. చెడ్డమనిషి అని చెప్పను. టెంటు ఆయనే తెప్పించాడు, కుర్చీలు వేయించాడు, వచ్చినవాళ్ళకు చాయ్ పోయించాడు. నాన్నను మాత్రం గేటు దాటనివ్వలేదు.

"కిరాయింట్ల పీనుగను పెట్టనిస్తమా అమ్మా? రేపు ఇంకెవరన్న వస్తరా గా ఇంట్లకు?" అన్నాడు, అదేదో మాకు తెలియనట్టు.

మాకెందుకు తెలియదు? మా దిక్కు కిరాయికి ఉన్న ప్రతి మనిషికీ తెలుసు. ఇంట్లో ప్రాణం పోయి, ఆ రోజు నక్షత్రం మంచిది కాకపోతే ఆ ఇంటికి తాళం వేసి నెలల తరబడి పాడుబెట్టాలి. అందుకని కిరాయి ఇంట్లో పోయేలా ఉన్న మనిషిని ముందే బయట పెడతారు, బయట పోయినవాళ్ళ శవాన్నీ లోపలికి రానివ్వరు. సొంత ఊరు ఉన్నవాళ్ళు ఊరికి తీసుకుపోతారు. మాది నిడమనూరు దగ్గరి పల్లె. అక్కడ మా వాటాకు వచ్చిన గోడలు కూడా నాన్న ఎప్పుడో అమ్మేశాడు.

మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. టెంటు చిరుగులోంచి నీళ్ళు సరిగ్గా నాన్న మొహం మీద పడుతుంటే అమ్మ కొంగు అడ్డం పట్టి కూర్చుంది. పక్కనుంచి వడ్ల లారీలు హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి. అమ్మ ఏడుపు ఆపి నా చెయ్యి పట్టుకుంది.

"నా మాట యాదుంచుకో బిడ్డా. నన్ను మాత్రం గిట్ల రోడ్డు మీద ఎయ్యకు. ఎవ్వలిల్లైనా సరే, గడప లోపల్నుంచే తియ్యి."

"సరే అమ్మా" అన్నాను. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. సరే అనడానికి ఏం పోతుంది?

ఆ తర్వాత మేమిద్దరమే. కొన్నాళ్ళు కోదాడ, ఆపైన సూర్యాపేట. మధ్యలో నేను హైదరాబాద్ పోయి నాటకం చదువుకుని వచ్చాను, సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను. సెలవురోజుల్లో నేను చేసే పనిని చదువుకున్నవాళ్ళు పెర్ఫార్మెన్స్ ఆర్ట్ అంటారు. అమ్మ "ఏషాలు" అనేది. "ఇయ్యాల ఏడ నీ ఏషాలు?" అని అడిగి టిఫిన్ డబ్బా కట్టిచ్చేది.

నేను చేసిందల్లా ఒకటే. మేము కిరాయికి ఉన్న గదిని, కొలతలు తప్పకుండా, నలుగురు తిరిగే చోట ముగ్గుపిండితో నేల మీద గీసేదాన్ని. తలుపు ఉన్నచోట ఖాళీ వదిలేదాన్ని. పొయ్యి, మంచం, నీళ్ళ డ్రమ్ము, దేవుడి గూడు, అన్నీ గీతలే. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఆ గీతల మధ్య బతికేదాన్ని. బియ్యం కడగడం, బట్టలు మడవడం, ఓనరు మెట్లు దిగే చప్పుడు వినపడగానే రేడియో గొంతు తగ్గించడం. ఒక గది మనిషిని ఎట్లా తయారుచేస్తుందో చూపించాలని నా ఆరాటం. మేము ఇంట్లో గట్టిగా నవ్వం, గోడకు మేకు కొట్టం, కుళాయి దగ్గర మన వంతు దాటితే నోరెత్తం. ఇరవై ఏళ్ళు అట్లా బతికాక అది అలవాటుగా ఉండదు, మన గుణమే అయిపోతుంది.

మిర్యాలగూడలో కూరగాయల మార్కెట్టు పక్కన గీశాను. జనం నవ్వుతారనుకున్నాను. నవ్వారు కూడా. కానీ లోపలికి వచ్చిన ప్రతివాళ్ళూ ఆ ఖాళీ దగ్గరే చెప్పులు విడిచారు! ఒక ముసలాయన చూసుకోకుండా గీత తొక్కి, "అయ్యో, గోడ సూసుకోలే బిడ్డా" అని వెనక్కి పోయి తలుపులోంచి వచ్చాడు. కోదాడలో ఆడవాళ్ళను అడిగాను, మీరు ఏడవాలంటే ఈ గదిలో ఎక్కడ ఏడుస్తారు అని. ఒకామె కాసేపు చూసి, స్నానాలగది గీసిన చోటుకు పోయి నిలబడింది. "ఇక్కడేనండి. కుళాయి తిప్పుకుంటే వినపడదు గదా" అంది. ఆమె వెనక ఇంకో నలుగురు పోయి అక్కడే నిలబడ్డారు. జానెడు చోటు, అందులో ఐదుగురు ఒకరికొకరు ఒరుసుకుంటూ. ఆ రోజు ఇంటికి వచ్చి అమ్మకు చెప్తే, "మరి ఇంకేడ ఏడుస్తరే?" అంది.

సూర్యాపేటలో నాకు పొగరు తలకెక్కింది. రెండుచోట్ల జనం మెచ్చుకున్నారు కదా, ఇగ అసలు సంగతి చెప్పాలనుకున్నాను. అప్పటికి అమ్మ గుండె బలహీనపడింది. కాళ్ళు వాచేవి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. డాక్టరు మందులు రాసి, "ఇంట్లనే మంచిగ సూస్కోండి" అన్నాడు. ఆ మాటకు అర్థం మా ఇద్దరికీ తెలుసు. అమ్మకు ఇచ్చిన మాట నా గొంతులో ముల్లులా ఉంది. అందుకే గది గీసి, తలుపు ఉండాల్సిన చోట కూడా గీత గీసి మూసేసి, గీతకు అవతల రోడ్డు మీద టార్పాలిన్ పరిచి పడుకున్నాను. మెడదాకా తెల్లబట్ట, తల దగ్గర దీపం. నాన్నను పెట్టినట్టే.

నవ్వేవాళ్ళు నవ్వు ఆపారు. ఒకామె ఎవరో నా కాళ్ళ దగ్గర కూర్చుని నిజంగానే ఏడ్చింది. కళ్ళు మూసుకుని ఉన్న నాకు ఎంత గర్వమో! కిరాయి ఇంట్లో, జబ్బుమనిషిని పెట్టుకుని, శవం వేషం వేయకూడదని ఈ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకు చదువు ఎక్కువై తెలియలేదు.

ఎవరో వీడియో తీశారు. సాయంత్రానికల్లా అది మా ఓనరు ఫోనులోకి వచ్చింది. ఏడేళ్ళుగా మమ్మల్ని పల్లెత్తు మాట అనని మనిషి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నా ఇంట్ల ఉండుకుంట పీనుగేషమేస్తవా టీచరమ్మా? నీ తల్లి గిట్ల ఉండంగ? నీకు బుద్ధి ఉన్నదా?"

"ఆంటీ, అది నాటకం..."

"నాటకమో నిజమో నాకద్దు. నెల ఎల్లంగనే ఖాళీ చెయ్యి."

మంచం మీదనుంచి అమ్మ అన్నీ వింది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

టు-లెట్ బోర్డు ఉన్న ప్రతి గేటూ తట్టాను. ముందు ఎంతమంది అని అడుగుతారు. తర్వాత ఏ కులం. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ముసలోళ్ళు ఉన్నరా?" అమ్మ ఉంది, కొంచెం పానం బాగలేదు అంటే చాలు, "మా చుట్టాలొస్తమన్నరు" అని గేటు మూస్తారు. అట్లా ఆరేడు గేట్లు మూసుకున్నాక అబద్ధం నేర్చుకున్నాను. "అమ్మకు మోకాళ్ళ నొప్పులు, అంతే ఆంటీ. పొద్దంతా ఏదో ఒక పని చేస్తనే ఉంటది." అట్లా దొరికింది ఒక వెనక గది. ముందుభాగంలో ఓనరు, భర్త లేని మనిషి, ఒక్కతే ఉంటుంది. కొడుకులు నల్లగొండలో. పొద్దున్నే వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూడడం ఆమె పని.

ఇగ మొదలైంది అమ్మ వేషం. రోజూ పొద్దున ఆమెను ఒరగబెట్టి తల దువ్వేదాన్ని, మొహానికి పౌడరు అద్దేదాన్ని, వాచిన కాళ్ళు కనపడకుండా చీర కుచ్చిళ్ళు కిందికి లాగేదాన్ని. గుమ్మం బయట కుర్చీలో కూర్చోబెట్టి ఒళ్ళో పెసల పళ్ళెం పెట్టేదాన్ని. అమ్మ అరగంట పెసలు ఏరేది. ఓనరు చూసి, "ఏం పెద్దమ్మా, మంచిగున్నవా?" అనేది. "మంచిగున్న బిడ్డా, గీ మోకాళ్ళే పరేషాన్ చేస్తున్నయ్" అనేది అమ్మ, ఆయాసం బిగబట్టుకుని. లోపలికి తీసుకురాగానే మంచం మీద పడిపోయి చేపలా నోరు తెరిచేది.

రోజూ అవే పెసలు. నాలుగోరోజుకు అందులో ఒక్క రాయి లేదు.

"ఇన్ని రాళ్ళు కలుపు బిడ్డా. వట్టిగ చేతులాడిస్తే ఆమె గుర్తుపడ్తది" అంది అమ్మ. వాకిట్లో సన్నరాళ్ళు ఏరుకొచ్చి కలిపాను. పొద్దున అమ్మ ఏరేది, సాయంత్రం నేను కలిపేదాన్ని. ఒకరోజు అమ్మ నావైపు చూసి నవ్వింది. "నీ కంటె నేనే మంచిగ ఏషమేస్తున్న. నాకు సప్పట్లు కొట్టేటోళ్ళే లేరు." నేను చప్పట్లు కొట్టాను, చప్పుడు కాకుండా. అమ్మ నవ్వింది, నవ్వు దగ్గయింది, దగ్గు బయటికి వినపడకుండా దిండు అడ్డం పెట్టాను. కన్నతల్లి నోటికి దిండు అడ్డం పెట్టిన చేతులు ఇవి. రాస్తుంటే కూడా సిగ్గేస్తోంది.

నెల దాటాక ఒక ఆదివారం పొద్దున్నే, అమ్మను ఇంకా కుర్చీలో కూర్చోబెట్టకముందే, బట్టలు ఆరేసి లోపలికి వచ్చేసరికి అమ్మ గోడవైపు తిరిగి ఉంది. పిలిచాను. భుజం పట్టి తిప్పాను. అంతే, అయిపోయింది. గడప లోపల, మంచం మీద, ఒక్కతే పోయింది.

కేక పెట్టబోయి నోరు మూసుకున్నాను. కిటికీ అవతల ఓనరు టీవీ చూస్తోంది. కోదాడ ఆడవాళ్ళు నిలబడిన చోటుకే పోయాను. స్నానాలగదిలో కుళాయి తిప్పి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. బకెట్టు నిండి పొర్లింది. ఆ నీళ్ళతోనే అమ్మకు ఒళ్ళు తుడిచాను, పసుపు రాశాను, మళ్ళీ పసుపు కనపడకూడదని పౌడరు అద్దాను. తల దువ్వాను. రోజూ చేసే పనే కాబట్టి చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి. ఆ గదిలోనే దీపం పెట్టి, తలుపులు తీసి, నలుగురినీ పిలిచి ఏడవాల్సింది. ధైర్యం రాలేదు. గేటుకు తాళం పడుతుందని, మళ్ళీ టెంటు, మళ్ళీ రోడ్డు అని భయపడ్డాను. ఆటోను పిలిచాను.

డ్రైవరూ నేనూ రెండు రెక్కలు పట్టి లేపాం. ఓనరు అరుగు దిగి వచ్చింది. "ఏమైంది పెద్దమ్మకు?"

"కళ్ళు తిరిగినయ్ ఆంటీ. దవాఖానకు తీస్కపోతున్న."

ఆమె వంగి అమ్మ కాళ్ళు పట్టుకుని ఆటోలోకి ఎక్కించింది. ఒక క్షణం ఆ పాదాలు వదల్లేదు. "పలుకుతలేదేంది?" అంది.

"నీరసం."

"పోయి రా పెద్దమ్మా" అంది ఆమె, ఆటో కదులుతుంటే. దారంతా అమ్మ తల నా భుజం మీద. డ్రైవరు ఒకసారి అద్దంలో చూశాడు, ఆ తర్వాత గుంతలు తప్పిస్తూ మెల్లగా నడిపాడు.

దవాఖానలో డాక్టరు చూసి, "ఎప్పుడో పోయింది గదమ్మా" అన్నాడు. నర్సు కాగితం ముందు పెట్టుకుని పెన్ను తీసింది. "ఏడ పోయింది? తొవ్వలనా, ఇంట్లనా?"

తోవలో అంటే సరిపోయేది. అన్ని అబద్ధాలు ఆడినదాన్ని, ఇంకొకటి ఎంత? కానీ వానలో కొంగు పట్టుకుని కూర్చున్న అమ్మ గుర్తొచ్చింది. "ఇంట్ల" అన్నాను. నర్సు నా మొహం చూసింది. ఆ ఒక్క మాట ఎంత గట్టిగా అన్నానో నాకే తెలియలేదు. ఇంటి నంబరు చెప్పాను, అమ్మ పేరు చెప్పాను, అప్పుడు ఏడ్చాను, అందరిముందూ, గొంతు విప్పి. అక్కడినుంచే దహనానికి వైకుంఠధామానికి తీసుకుపోయాను.

పదిహేను రోజులకు మున్సిపాలిటీ మనిషి చావు నమోదు కాగితం పట్టుకుని విచారణకు ఇంటికే వచ్చాడు. గేటు ముందు నిలబడి, "ఈ ఇంట్ల ముసలామె చనిపోయిందట గదా" అని బజారంతా వినేటట్టు అడిగాడు. సాయంత్రం ఓనరు నా గదిలోకి వచ్చి, అమ్మ కుర్చీలో కూర్చుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే గది ఇచ్చేటోళ్ళా ఆంటీ?"

"ఇయ్యకపోదును" అంది, దాచకుండా. "గా రోజు కాళ్ళు పట్టుకున్నప్పుడే నాకు సమజైంది టీచరమ్మా. మంచులెక్క ఉన్నయ్. తెల్వనట్టే ఉందామనుకున్న, నీకూ నాకూ ఇజ్జత్ ఉంటదని. నువ్వే పోయి కాయితంల రాపిచ్చుకుంటివి. ఇగ నా కొడుకులు ఊకోరు. ఇల్లు పాడుబెట్టాలె."

అమ్మ వేషానికి ఒక చూపరి ఉంది. చివరిదాకా చూసింది, అంతా తెలిసీ చూసింది. ఆమె ఇచ్చిన నీడను కూడా నేనే పోగొట్టుకున్నాను.

ఇప్పుడు ఇంకో గదిలో ఉంటున్నాను. ఎంతమంది అని అడిగితే ఒక్కదాన్నే అని చెప్పాను. ఈసారి నిజం చెప్పే గది తెచ్చుకున్నాను. సామాను సర్దుతుంటే ఆ పెసల డబ్బా దొరికింది. పారేయబుద్ధి కాక కడిగి పొయ్యి మీద పెట్టాను. ఏరాలన్న సంగతే గుర్తులేదు. రెండో ముద్దకు పంటికింద రాయి పడింది. ఆ శనివారం సాయంత్రం, అమ్మ పొద్దున ఏరుకోవాలని, నేను కలిపిన రాయి.