రాడ్డున్న సైకిలు

మా అమ్మాయి మొదటి సైకిలు ఎంపిక చేసింది నేనే. మా ఆయన మీదో మా అత్తగారి మీదో తోసేస్తే నాకు హాయిగానే ఉండేది గానీ, ఇందులో వాళ్ల పాపమేమీ లేదు. చేసిందంతా నేనే.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. దానికి ఏడేళ్లు, తమ్ముడికి మూడు. మేం బాపట్లలో ఉండేవాళ్లం, మా ఆయన పరుపులు కుట్టేవారు. ఇద్దరికీ చెరో సైకిలు కొనే స్తోమత మాకు లేదు. అందుకని సైకిలు కోసం నలుగురం తెనాలి బయల్దేరకముందే నిర్ణయించేసుకున్నాను. మగపిల్లల సైకిలు కొంటే అక్క తొక్కి వదిలేశాక తమ్ముడికి పనికొస్తుంది. ఆడపిల్లలది కొంటే వాడు ఛస్తే ఎక్కడు. ఈ మాట దానితో చెప్పొచ్చుగా? చెప్పలేదు. తెనాలి వెళ్లే రైల్లో అల్లరి చేయకుండా కూర్చుంటుందని, "షాపులో నీకేది నచ్చితే అదే కొంటా. నీ ఇష్టమే" అన్నాను. పిచ్చిపిల్ల, నమ్మింది. దారి పొడుగునా కిక్కురుమనలేదు.

షాపులో ఒక్కో సైకిలు దగ్గరా ఆగి, బెల్లు కొట్టి, సీటు తడిమి, మళ్లీ మొదటికొచ్చి, చివరికి ముందు బుట్ట ఉన్న గులాబీరంగు సైకిలు పట్టుకుంది. షాపాయన దాన్ని ఎక్కించి, వెనక పట్టుకుని రెండు చుట్లు తిప్పాడు. "అమ్మా, ఈ బుట్టలో తమ్ముడి బొమ్మలు కూడా పెడతాలే" అంది. వెలిగిపోతున్న ఆ మొహం చూస్తూనే, "ఆ నీలంది దించండి, రాడ్డున్నది" అన్నాను షాపాయనతో.

"పాపకే కదమ్మా? గౌనుతో రాడ్డు దాటడం కష్టమండి."

"నిక్కరేసుకుని తొక్కుతుందిలెండి. రేపు పిల్లాడికి కావాలిగా."

అది సైకిలు దిగలేదు. "నా ఇష్టమన్నావుగా?" అంది.

"అంటే మాత్రం? దిగు ముందు, నలుగురిలో పరువు తీయకు" అని, ఎవరికీ కనపడకుండా తొడపాశం పెట్టాను. దిగింది. ఏడిస్తే ఇంకోటి పడుతుందని తెలుసు, ఏడుపు మింగేసింది. నాకేమో, చెప్పినమాట వింది కదా అని గర్వం! ఛీ, నా బుద్ధి తగలెయ్య.

తిరుగు రైల్లో మా ఆయన చిన్నవాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని, "తనకి నచ్చింది కొననప్పుడు పిల్లని ఎంచుకోమనడం ఎందుకు?" అన్నారు మెల్లగా. "మీరు నోరు మూసుకుని కూర్చోండి" అన్నాను.

నాలుగు రోజుల్లో తొక్కడం నేర్చేసుకుంది. ఓసారి రాడ్డు దాటబోయి పడి మోకాలు చీరుకుపోతే నేను పరుగెత్తుకెళ్లి సైకిలు లేపి రంగు పోయిందేమో చూశాను. అంతటితో ఊరుకున్నానా? సాయంత్రాలు చిన్నవాణ్ణి చంకనేసుకుని గుమ్మంలో నిలబడి, "సైకిలెవరిదిరా?" అని అడిగేదాన్ని. "నాదీ! దిగవే!" అని వాడు అక్క మీద అరిచేవాడు. పక్కింటివాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు, వాళ్లతో పాటు నేనూ. వాడి ముద్దుమాటల కోసం రోజూ అడిగేదాన్ని. అది రోజూ దిగి, స్టాండు వేసి, లోపలికి వెళ్లిపోయేది.

బడి తెరిచే ముందు దానికి చెప్పులు కొనడానికి బాపట్లలోనే ఒక షాపుకు తీసుకెళ్లాను. ఈసారి నా మనసులో ఏ ఎత్తూ లేదు, నిజంగానే. పూలున్నవీ, తళుకులున్నవీ వరసగా పెట్టి ఉన్నాయి. "ఏవి కావాలే? నీ ఇష్టం" అన్నాను.

వాటి వంక కన్నెత్తి కూడా చూడలేదు. మగపిల్లల చెప్పులున్న వైపు వెళ్లి, ఒక నల్లజత తెచ్చి నా ముందు పెట్టింది. "ఇవైతే తర్వాత తమ్ముడు వేసుకుంటాడు" అంది.

"ఎంత బుద్ధిమంతురాలండి మీ పాప!" అన్నాడు చెప్పులాయన.

పూల చెప్పులు నేనే తీసి దాని కాళ్ల దగ్గర పెట్టాను. "వాడి సంగతి వదిలెయ్ తల్లీ, నీకు నచ్చినవే తీసుకో" అని బతిమాలాను.

అది కాళ్లు వెనక్కి లాక్కుంది. చెప్పులాయన అటు తిరిగేదాకా ఆగి, నా చెవి దగ్గరకొచ్చి, "ఆ నల్లవి తీసుకుంటే తిట్టవు కదమ్మా?" అంది.