ఉన్నాడని చెప్పిన ఉదయం

మా డ్రిల్ మాస్టారు పోయారు. సోమవారం పొద్దున్న వర్క్‌షాపు గేటు దగ్గర టోకెను తీసుకుంటుంటే వెనకనుంచి ఎవరో ఒడియాలో "సార్ చాలిగలే" అన్నారు. ఏ సారు అని ఎవరూ అడగలేదు. మా రైల్వే బడిలో చదివినవాళ్ళకి ఉత్తినే సార్ అంటే ఆయనే. నాలుగు రోజులుగా ఆయాసమట. ఆసుపత్రికి రమ్మంటే రానని మంచం పట్టుకుని కూర్చున్నారట.

ఆ బడి గురించి కొంచెం చెప్పాలి. ఊరు బెంగాల్లోదే అయినా రైల్వే పనికని అన్ని వైపులనుంచీ జనం వచ్చి చేరారు. తెలుగు పిల్లలకో సెక్షను, బెంగాలీలకో సెక్షను, హిందీ వాళ్ళకి వేరే, ఒడియా, తమిళ పిల్లలు ఇంకో వరండాలో. ఎవరి గదులు వాళ్ళవి, ఎవరి మాస్టర్లు వాళ్ళకి. అందరం కలిసేది కుళాయి దగ్గర, అదీ కొట్టుకోడానికే. అది కాక డ్రిల్లుకి, ఆటలకి గ్రౌండులో. మాస్టారు శ్రీకాకుళం వైపునుంచి చిన్నప్పుడే ఇక్కడికి వచ్చిన మనిషి. అన్ని భాషలూ ఒకే కేకలో కలిపేసేవారు. "జోల్ది జోల్ది, ఏటిరా ఆ నడక, పైర్ ఉఠావ్!" నవ్వొచ్చేది గానీ, నవ్వితే గ్రౌండు చుట్టూ ఇంకో చుట్టు.

స్పోర్ట్స్ డేకి నెలముందు మూడుకాళ్ళ పరుగుకి జతలు కట్టేవారు. ఒక సెక్షనువాణ్ణి అదే సెక్షనువాడితో ఎప్పుడూ కట్టలేదు. ఓల్డ్ సెటిల్‌మెంట్ పేటలోని తెలుగు పెద్దలు ఇద్దరు ముగ్గురు ఆయన క్వార్టరుకి వెళ్ళి, మన పిల్లల్ని మన పిల్లలతోనే కడితే ప్రైజులు మనకే వస్తాయి కదా అన్నారు. ఆయన టీ గ్లాసులు అందిస్తూ, "పరుగెట్టడానికేనండీ, పెళ్ళి సంబందానికి కాదు, మనోళ్ళే కావాలనడానికి" అన్నారు. పెద్దలు టీ తాగి వెళ్ళిపోయారు.

నన్ను కట్టింది బెంగాలీ సెక్షను కుర్రాడితో. మా బడి ఫుట్‌బాల్ టీముకి గోలుకీపరు వాడే, అందరం గోలీ అనేవాళ్ళం. పొడుగ్గా, చేతులు మోకాళ్ళదాకా ఉండేవి. మొదటి వారమంతా పడ్డాం. మోచేతులు చెక్కుకుపోయాయి. మాస్టారు జేబులో ఎప్పుడూ ఉండే ఆవనూనె సీసా తీసి రాస్తూ, "ముందు ఒకడి ఊపిరి ఒకడు యినండిరా. కాళ్ళు ఆటికవే వత్తాయి" అన్నారు. ఆ యేడు మేం మూడో స్థానంలో వచ్చాం. వాళ్ళమ్మ మాకిద్దరికీ ముడి ఉండలు, అదే బెల్లం మరమరాల ఉండలు, పెట్టింది. బెంగాలీ పిల్లల్లాగే ఆవిణ్ణి నేనూ మాసీమా అనేవాణ్ణి.

తరవాతి రెండేళ్ళలో ఊరు మారిపోయింది. గోడలనిండా విప్లవం వర్ధిల్లాలని ఎర్ర రాతలు. సాయంత్రం అయితే చాలు, ఎక్కడో బాంబు పేలేది. బాగా చదివే పిల్లలు ఉన్నట్టుండి ఇంట్లో కనపడకుండా పోయేవారు. గోలీ ప్రాక్టీసుకి ఒకరోజు వస్తే మూడ్రోజులు మానేసేవాడు. మాస్టారు వాణ్ణి పక్కకి పిలిచి ఏదో చెప్పడం చూశాను. వాడు తల వంచుకుని విన్నాడు, ఒప్పుకున్నట్టు లేదు.

ఒక సాయంత్రం బజారు దగ్గర పోలీసు జీపు మీద బాంబు పడింది. ఒక కానిస్టేబులు చచ్చిపోయాడు. మర్నాడు పొద్దున్న మేం డ్రిల్లులో ఉండగా జీపు సరాసరి గ్రౌండులోకే వచ్చింది. ఆఫీసరు దిగి గోలీ పేరు చెప్పి, నిన్న సాయంత్రం వాడెక్కడున్నాడని అడిగాడు. గోలీ ఆవేళ బడికి రాలేదు.

"ఈడే ఉన్నాడు. ప్రాక్టీసులో" అన్నారు మాస్టారు.

ఆఫీసరు ఆయన్ని కాసేపు చూశాడు. తరవాత మా వరస దగ్గరికి వచ్చాడు. ఒక్కొక్కడి ముందూ ఆగి అదే ప్రశ్న. ముందున్న బెంగాలీ పిల్లాడు "ఛిలో" అన్నాడు. పక్కనున్న బీహారు కుర్రాడు "థా సాబ్" అన్నాడు. ఒడియా వాడు "థిలా". తమిళ సెక్షను నుంచి వచ్చిన చిన్నవాడు ఏడుపు ఆపుకుంటూ "ఇరుందాన్ సార్" అన్నాడు. నా వంతు వచ్చింది. ఉన్నాడండి అన్నాను. మాకెవరూ నేర్పలేదు. ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోనుకూడా లేదు. ముందు రోజు సాయంత్రం గోలులో ఎవరూ లేక రెండు రాళ్ళు పెట్టి ఆడామని మాకందరికీ తెలుసు.

ఆఫీసరుకీ తెలిసిపోయింది. "బాగా నేర్పావు" అని మాస్టారి మెడలో విజిల్ తాడు పట్టుకుని జీపులోకి లాగాడు.

మాస్టారి భార్యని మేం పిన్ని అనేవాళ్ళం. ఆవిడ ఆ వారమంతా ఠాణా బయట ఎండలో కూర్చుంది. మా అమ్మ అన్నం పట్టుకెళితే ముట్టలేదు. ఆయన్ని వదిలిన రోజు రిక్షాలో తీసుకొచ్చారు. ఎడమ చెవిలోంచి చీము కారుతోంది. ఆ చెవి మళ్ళీ వినపడలేదు. మంచం మీద పడుకోబెట్టి పిన్ని అరిచింది. "మన కడుపున పుట్టిన గుంటలు నీకు కానరానేదా? ఆడు నీ కొడుకా?"

ఆయన కుడిచెవి ఆవిడవైపు తిప్పి, "పదారేళ్ళోడే. ఆళ్ళకిచ్చేత్తే మల్లీ ఇత్తారేటి?" అన్నారు.

ఆ వారం రోజుల్లో గోలీ ఊరు దాటేశాడు. ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. జీపు మీద బాంబు వేసింది వాడో కాదో ఈనాటికీ నాకు తెలియదు. వర్షాలు వెళ్ళాక ఊరికి దూరంగా, సాలచెట్ల అడవి అంచున, వాడి శవం దొరికింది. వీపులో తూటాలు. ఎవరు కాల్చారో ఎవరూ చెప్పలేదు.

కర్మలయ్యాక మాసీమా ఒక్కతే మాస్టారి క్వార్టరుకి వచ్చింది. పక్కింటి అరుగు మీదనుంచి నేను అంతా విన్నాను. ఏడవలేదు. నెమ్మదిగా, వివరంగా మాట్లాడింది.

"మాస్టర్‌మొశాయ్, మీరు నిజం చెప్పి ఉంటే వాణ్ణి పట్టుకునేవారు. కొట్టేవారు. జైల్లో పెట్టేవారు. జైల్లో ఉంటే బతికుండేవాడు కదా. నెలకోసారి వెళ్ళి చూసొచ్చేదాన్ని కదా."

మాస్టారు చేతులు జోడించారు. పిన్ని మంచినీళ్ళు తెచ్చి ముందు పెట్టింది. మాసీమా తాగకుండానే లేచి వెళ్ళిపోయింది.

ఆ తరవాత మాస్టారు రిటైరయ్యేదాకా బడిలోనే పనిచేశారు. మూడుకాళ్ళ పరుగు మానలేదు. పిల్లల్ని మాత్రం ఎప్పుడూ వరసలో నిలబెట్టలేదు. గుండ్రంగా నిలబెట్టి డ్రిల్లు చేయించేవారు. కొత్త హెడ్మాస్టరు ఇదేం పద్ధతి అని అడిగితే, ఒక చెవి వినపడదు కదండీ, అందరూ దగ్గరగా ఉండాలి అన్నారు.

పోయినేడు ఒక ఆదివారం ఆయన దగ్గర కూర్చున్నప్పుడు ధైర్యం చేసి అడిగాను. "మాస్టారూ, మళ్ళీ అలాంటి పొద్దు వస్తే ఏం చెప్తారు?"

ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నారు. వినపడలేదేమో అనుకుని కుడివైపుకి జరిగాను.

"యినబడిందిరా" అన్నారు. "ఉన్నాడనే సెప్తాను. సెప్పీసి, ఆ తల్లి వొచ్చి అడిగితే మల్లీ యింటాను. ఇంకేటి సేత్తాం?"

మంగళవారం ఆయన్ని తీసుకెళ్ళాం. మోసినవాళ్ళలో అన్ని సెక్షన్లవాళ్ళమూ ఉన్నాం. గోవింద అనాలో హరిబోల్ అనాలో ఎవరికీ తోచక ఎవరమూ ఏమీ అనలేదు. కంకర మీద చెప్పుల చప్పుడొకటే. శ్మశానం దారిలో రైలు గేటు పడింది. బొగ్గు గూడ్సు, నడిచినంత మెల్లగా వస్తోంది. కాసేపు దింపుదామా అన్నారెవరో. ఎవరూ కదల్లేదు. వ్యాగన్ల సందుల్లోంచి అవతల సైకిళ్ళు పట్టుకుని ఆగిన మనుషులు కనిపిస్తున్నారు, మాయమవుతున్నారు. పైనుంచి బొగ్గుపొడి రాలి తెల్లగుడ్డ మీద పడుతోంది. నా పక్కనున్నవాడు ఖాళీ చేత్తో దాన్ని దులుపుతూనే ఉన్నాడు.