రంగత్ బస్సులో వచ్చిన పుట్టగొడుగులు

ఈ ఉదయం పది గంటలకు అండమాన్‌లోని బాంబూఫ్లాట్ కొట్టు యజమాని అప్పలరాజు అడవి పుట్టగొడుగులు తినబోయాడు. సరుకులకు వెళ్లిన నేను అడ్డుపడ్డాను.

అతనికి ఏళ్లుగా క్లస్టర్ తలనొప్పి. ఒక కంటి వెనక భరించలేని పోటు. పుట్టగొడుగుల్లోని ఒక పదార్థాన్ని దీనికి మందుగా పరీక్షిస్తున్నారని విని, బావమరిది రంగత్ నుంచి బస్సులో సంచీడు పంపాడు.

"ఇవి విషం కావచ్చు," అన్నాను.

"మరి అసలు మందు మన ఐలాండ్‌కి ఎప్పుడొస్తాది భయ్యా?"

"ఇంకా పరీక్షల్లోనే ఉంది."

"పరీక్షకి తలకాయ కావాలంటే నాది పట్టుకెళ్లమను."

"అదిచ్చేస్తే కొట్లో ఎవరు కూర్చుంటారు?" అంటూ భార్య సంచీ లాక్కుంది.

అతను నవ్వలేదు. "ఒక్క రాత్రి నిద్ర చాలు," అన్నాడు.

వార్తలు రాసేవాణ్ని కాబట్టి నాకు తెలిసింది చెప్పాను: ఈ నొప్పికి మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చే చికిత్స ఇప్పటికే ఉంది. ఆక్సిజన్‌తో ఈ నొప్పి తగ్గినవాళ్లు మీలో ఉంటే చెప్పండి. రేపు ఉదయం ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్ ఆస్పత్రికి వెళ్తున్నాం. అతనికి మొదటిసారి ఆక్సిజన్ పెట్టి చూస్తారు.