బోధన్ దారిలో ఆకు కప్పిన చెరకు

బోధన్ పోవాలని నాకెప్పుడూ ప్రత్యేకంగా అనిపించలేదు. తీపి పెద్దగా తినను, చలి అసలు పడదు, పుష్యమాసంలో చీకటితో లేచి రైలెక్కమంటే ప్రాణం మీదికి వస్తుంది. అయినా బయలుదేరాను. మా చిన్న చెల్లెలు రాజమణి వేసిన చెరకు మొలవలేదనీ, వారం తిరిగేలోపు ఆ మడిని దున్నేస్తారనీ అమ్మ కబురు చేసింది. రాజమణి అత్తవారిల్లు బోధన్ దాటాక రెంజల్ దారిలో ఉన్న ఒక పల్లె. ఆమె మామగారు గంగారాం మొదటిసారి ఒక మడి ఆమెకు అప్పగించి, నీకు తోచినట్టు చెయ్యమన్నాడట. దాన్ని దున్నేస్తే విత్తనం పోతుంది, అదను పోతుంది. అంతకంటే ముఖ్యంగా, ఆ ఇంట్లో ఇక ఎవరూ రాజమణి మాట లెక్కచేయరని అమ్మ దిగులు.

నేను హైదరాబాద్‌లో ఆడపిల్లల బడిలో సైన్సు చెబుతాను. సైన్సు పంతులమ్మకు తెలియనిదంటూ ఉండదని అమ్మ నమ్మకం. నాకు చెరకు గురించి తెలిసిందల్లా నమలడమే. మా బడిలో తోటి టీచరు భర్త వ్యవసాయ శాఖలో పనిచేస్తాడు. ఆయన సంగతంతా విని, "ముందు మట్టి ఎంత వెచ్చగా ఉందో చూడండి" అంటూ ఒక మట్టి థర్మామీటరు చేతిలో పెట్టాడు. మూరెడు పొడవు, కింద మొన, పైన గాజు. పగిలితే తన ఉద్యోగం పోతుందని రెండుసార్లు చెప్పాడు. దాన్ని పాత చీరలో చుట్టి చంకలో పెట్టుకుని కాచిగూడ చేరాను.

ఆరున్నరకు కదలవలసిన మీటర్‌గేజి బండి ఏడు దాటాక కదిలింది. ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ తలుపు సగమే పడుతుంది, మిగతా సగంలోంచి చలి. నా ఎదురుగా బోధన్‌లో కూతురి దగ్గరికి పోతున్న ఒక ముసలి ముస్లిం ఆవిడ కూర్చుంది. చీర మూటలోంచి బయటికి వచ్చిన గాజు గొట్టం వంక చాలాసేపు చూసింది.

"ఎవ్వరికి బుఖార్ వచ్చింది బేటీ?" అని అడిగింది.

"మనుషులకు కాదమ్మా, ఇది భూమికి పెట్టి చూసేది."

"భూమికి గూడ బుఖార్ వస్తదా?"

"జ్వరం కాదు. చలి పట్టిందేమోనని అనుమానం."

ఆవిడ "చలి పెడితే మంచిగ దుప్పటి కప్పాలె" అని తీర్పు చెప్పి, తన శాలువా అంచు నా మోకాళ్ళ మీదికి జరిపింది. కామారెడ్డిలో ఎండ తగిలేదాకా ఇద్దరం అలాగే ఒకే శాలువా కింద కూర్చున్నాం.

నిజామాబాద్‌లో దిగేసరికి ఎండ బాగా ఎక్కింది. బోధన్ బండికి ఇంకా వ్యవధి ఉంది. ఈ దారిన వచ్చేవాళ్ళకు ఒక మాట: స్టేషన్ ఎదుటి హోటల్లో చాయ్ నిశ్చింతగా తాగవచ్చు, పూరీ తినవచ్చు, కూర జోలికి మాత్రం పోవద్దు. నేను పోయి అనుభవించాను. బోధన్ బండి చిన్నది, తొందర లేనిది. జానకంపేట దగ్గర పెద్ద లైను వదిలి పక్కకు తిరిగాక రెండు వైపులా చెరకే. ఊరు ఇంకా కనబడకముందే చక్కెర ఫ్యాక్టరీ వాసన, కాగుతున్న బెల్లానికీ పులిసిన కుడితికీ మధ్య ఏదో వాసన, పెట్టెలోకి వచ్చేసింది. స్టేషన్ బయట చెరకు బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఆ వరసలోనే ఎక్కడో మా మరిది, రాజమణి భర్త, కూడా ఉన్నాడని తర్వాత తెలిసింది. తన వంతు వచ్చేదాకా అతను ఇంటికి రాడట.

రెంజల్ బస్సు సాయంత్రం దొరికింది. కండక్టరు నన్ను ఊరి మొగదల దింపేటప్పటికి పొద్దు గుంకుతోంది. రాజమణి రోడ్డు మీదే నిలబడి ఉంది. పెళ్ళిలో బొద్దుగా ఉన్న పిల్ల, బుగ్గలు లోపలికి పోయాయి. నన్ను చూడగానే ఏడుస్తుందనుకున్నాను. "గింత పల్చటి చీర కట్టుకొని వచ్చినవేందక్కా, సలికి సస్తవ్" అని తిట్టింది. నాకు ప్రాణం లేచివచ్చింది.

రాత్రి జొన్న రొట్టె, పచ్చి పులుసు. గంగారాం మామ మాట తక్కువ మనిషి. "మంచిగ వచ్చినవా బిడ్డా" అన్నాడు, రొట్టె తిన్నాడు, చెయ్యి కడుక్కుని నిలబడ్డాక అసలు మాట చెప్పాడు. "ఎల్లుండి అరకలు వస్తున్నయి. దున్ని జొన్నన్న ఏస్త." రాజమణి పొయ్యి దగ్గర తల ఎత్తలేదు.

మర్నాడు పొద్దెక్కాక ముగ్గురం మడికి వెళ్ళాం. చూడగానే నాకు మా ఊరు గుర్తొచ్చింది. మాది సిరికొండ దగ్గర పసుపు పండే పల్లె. జ్యేష్ఠంలో పసుపు కొమ్ములు నాటగానే గుట్ట మీది మోదుగాకు, టేకాకు తెచ్చి బోదెల నిండా మందంగా కప్పుతాం. ఆ ఎండలకు మట్టి కాగిపోకుండా, తడి ఆరిపోకుండా ఉండడానికి. రాజమణి ఆ పని చూస్తూ పెరిగింది, ఆకు మోస్తూ పెరిగింది. ఇక్కడ చెరకు ముచ్చెలు, అంటే నాటడానికి కోసిన కన్నులున్న ముక్కలు, పెట్టాక వాటి మీద కూడా అలాగే ఆకు కప్పింది. జానెడు మందం. ఆ ఆకును గంగారాం మామే స్వయంగా బండి కట్టుకుని ఎక్కడెక్కడి నుంచో తెచ్చాడట.

"ఊరోల్లు నవ్విండ్రు. మా కోడలి చెయ్యి మంచిదని చెప్పిన" అన్నాడాయన, ఆకు వంక చూస్తూ.

వంతు వచ్చినప్పుడల్లా కాలువ నీళ్ళు కూడా మానకుండా పెట్టారు. ఆకు ఎత్తి చెయ్యి పెడితే మట్టి కుండలో నీళ్ళలా చల్లగా తగిలింది. థర్మామీటరు గుచ్చాను. పద్దెనిమిది డిగ్రీలు. పక్క మడిలో ఏ కప్పూ లేని మట్టిలో చూసినా అప్పటికి పెద్ద తేడా లేదు. మామ దీనికోసమేనా ఇంత దూరం వచ్చావు అన్నట్టు చూశాడు. నాకు కోపం వచ్చింది. మధ్యాహ్నం మళ్ళీ చూద్దాం, అంతదాకా ఎవరూ కదలవద్దు అని బడిపిల్లలకు చెప్పినట్టు చెప్పాను. ఆశ్చర్యం, ఇద్దరూ కూర్చున్నారు.

గాలి వేడి వేరు, మట్టి వేడి వేరు. ఒంటికి ఎండ చురుక్కుమంటున్నా మట్టి ఇంకా నిద్రలోనే ఉండవచ్చు, తడి మట్టి అయితే మరీ ఆలస్యంగా లేస్తుంది. చల్లటి మట్టిలో పక్కనే నీళ్ళున్నా వేరు సరిగా తాగలేదు, కన్ను కదలదు. వీటిని ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద రాస్తున్నాను గానీ, ఒక పిల్ల బతుకు దీని మీద ఆధారపడి ఉండగా గట్టు మీద కూర్చుని ఎదురుచూడడం అదే మొదలు.

రెండు గంటలప్పుడు మళ్ళీ గుచ్చాను. కప్పు కింద పంతొమ్మిది కూడా దాటలేదు. పక్క మడిలో ఇరవై ఆరు. రాజమణి తన కళ్ళతో చూస్తానని గొట్టం లాక్కుంది. చూసి, మడి చివరి మూలకు నడిచింది. అక్కడ మేకలు పడి ఆకు తినేసి, మిగిలింది తొక్కి చెదరగొట్టాయి. మేకల మీద కోపంతో ఆ మూలకు తాను మళ్ళీ పోలేదట. అక్కడ వంగి, అలాగే ఉండిపోయింది. మేం వెళ్ళి చూస్తే నాలుగైదు చోట్ల సూదుల్లా లేత మొలకలు.

గంగారాం మామ తిరిగి వచ్చి కప్పు కింద ఒక ముచ్చెను తవ్వి తీశాడు. గోటితో కన్ను గీరాడు. కుళ్ళలేదు, లోపల పచ్చగా ఉంది.

"పానం ఉన్నది" అన్నాడు.

రాజమణి అప్పుడు ఏడ్చింది. "జ్యేష్ఠంల జేసే పని పుష్యంల జేసిన మామా. సల్లదనం పోవాల్సిన కాలంల సల్లదనం కప్పి పెట్టిన."

ఆయన ముచ్చెను మళ్ళీ మట్టిలో పెట్టి, చేత్తో మెల్లగా కప్పి, ఇంటికి నడిచాడు. అరకలు వద్దన్నాడా అంటే అదీ లేదు. ఆ రాత్రి అక్కాచెల్లెళ్ళం ఇద్దరం పడుకున్నామే గానీ కంటి మీద కునుకు లేదు.

తెల్లవారి మంచు విడవకముందే అరకలు వచ్చాయి. నలుగురు మనుషులు గట్టు మీద నిలబడి బీడీలు కాలుస్తున్నారు. మామ ఇంట్లోంచి చాయ్ తెప్పించి అందరికీ పోయించాడు. తాగడం అయ్యాక, "ఎడ్లను ఇప్పుండ్రి. ఆకు ఎత్తుదాం పట్టుండ్రి" అన్నాడు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన అప్పటికే వంగి మొదటి బోదె మీది ఆకు చేతులతో లాగుతున్నాడు. రాజమణి పరిగెత్తి రెండో బోదె పట్టుకుంది. నేనూ దిగాను. మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి మడి మడంతా నల్లగా, ఆవిరి కక్కుతూ బయటపడింది. మట్టి పైన ఆరేదాకా నీళ్ళు వద్దని చెప్పాను. నా నడుము మాత్రం హైదరాబాద్ చేరిన వారానికి గానీ మామూలు కాలేదు.

నా సెలవు అయిపోయింది. ఆ మర్నాడు పొద్దుటి బస్సుకు రాజమణి జొన్న రొట్టెలూ వెల్లుల్లి కారమూ మూట కట్టి ఇచ్చింది. బోధన్ స్టేషన్ దాకా దింపడానికి మామ నాతో వచ్చాడు. చెరకు మొలుస్తుందా అని ఆయన అడుగుతాడనీ, ఏం చెప్పాలా అనీ నేను మథనపడుతున్నాను. కన్ను బతికే ఉంది, నిజమే. కానీ రాత్రుళ్ళు ఇంకా చలిగానే ఉన్నాయి, ఎన్ని మొలుస్తాయో ఎన్ని పోతాయో నాకెలా తెలుస్తుంది? ఆయన అడగలేదు. బస్సు మడి పక్కగా పోతుండగా ముందు సీటులో తలపాగా ఆయన వెనక్కి తిరిగి నవ్వాడు.

"ఏం గంగారామన్నా, ఈయేడు బీడు పెట్టినవా?"

"బీడెందుకైతది. మా కోడలి చెరుకు" అన్నాడు మామ. "ఇన్నొద్దులు భూమి సల్లగుండె. ఇగ ఎండ తాకుతున్నది, లేస్తది."

నేనైతే అంత గట్టిగా చెప్పగలిగేదాన్ని కాదు. కళ్ళు నిండితే ఆయనకు కనబడకుండా కిటికీ వైపు తిరిగాను. బోధన్‌లో రైలెక్కాక, జానకంపేట దాకా దారి పొడుగునా చెరకు తోటలు చూస్తూ, ఒక్కటే అనుకున్నాను. ఆ మడిలో ఎన్ని కన్నులు లేస్తాయో ఎండ చూసుకుంటుంది. మా చెల్లెలి గురించి మాత్రం ఇక దిగులు పడనక్కరలేదని అమ్మకు చెప్పాలి.