చివరి పేజీ చదవని మాస్టారు

విడవలూరులో మా చిన్న ప్రైవేటు హైస్కూలుకు ఇంగ్లీషు మాస్టారు ఒక్కరే. అరవైల మొదట్లో మాకు ఒక నావికుడి కథ నాన్-డిటైల్డు పుస్తకంగా ఉండేది. మాస్టారు ఎన్నిసార్లు చదివి వినిపించినా, తుఫాను దగ్గరికి రాగానే ఆపేసేవారు.

"మిగిలింది ఇంటికాడ చదువుకోండి."

పుస్తకం ఆయన దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు.

మా ముందు బెంచీలో ఒక బెస్త పిల్ల కూర్చునేది. ఆ ఏడు వాళ్ల నాన్న సముద్రం మీద చేపల వేటకు పోయి తిరిగి రాలేదు.

ఒకరోజు ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చారు. స్కూలు గుర్తింపు ఆయన చేతిలో ఉంది. "నావికుడు చివరకు ఏమైనాడమ్మా?" అని ఆ అమ్మాయినే అడిగారు.

"ఇంకా సముద్రంలోనే ఉండాడు సార్."

ఇన్‌స్పెక్టరు మాస్టారి వైపు తిరిగారు. "పాఠం పూర్తి చెయ్యలేదా?"

"ఇప్పుడు చేస్తానండి" అని మాస్టారు చివరి పేజీ తీసి, తడబడకుండా ఇంగ్లీషులో చదివారు. నావికుడు ఒడ్డుకు చేరి, ఇంటికి పోయి, అన్నం తిన్నాడు. పక్కనుంచి పేజీలోకి చూస్తున్న ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నారు.

"బాగా చదివినారు" అన్నారు.

గుర్తింపు వచ్చింది. పబ్లిక్ పరీక్షలో ఆ ప్రశ్నా వచ్చింది. క్లాసంతా నావికుణ్ణి ఇంటికి చేర్చి భోజనం పెట్టాం.

పుస్తకంలో అతను మునిగిపోయాడని నెల్లూరు కాలేజీలో చేరాక చదివాను. ఆ సంగతి ఆ అమ్మాయికి నేనూ చెప్పలేదు.